అల్లుడు తెచ్చిన డబ్బా

ఛాతీ ఆస్పత్రి వెనక గోడకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య పదడుగుల ఖాళీ జాగా ఉంది. పైన కప్పు లేదు, ఎండా గాలీ ధారాళంగా వస్తాయి. పొద్దున్న ఏడున్నరకల్లా అక్కడ దగ్గు క్లాసు మొదలవుతుంది. పాఠం చెప్పేది ఒక నర్సు. యాభై ఆరేళ్ళుంటాయి, పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడు వీధులకి వినపడుతుంది. రోగులు ఆమెని దగ్గు టీచరమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు. ఆమెకీ ఆ పేరు బాగానే నచ్చింది.

దగ్గడం కూడా ఒకరు నేర్పాలా అని నవ్వేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళ చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టి కళ్ళె తెమ్మంటే తెలుస్తుంది సంగతి. సగంమంది ఉమ్మి పట్టుకొస్తారు. ఉమ్మిలో ఏముంటుంది, పొద్దున్న తాగిన కాఫీ ఉంటుంది. క్షయ పురుగు కాపురం పెట్టేది ఊపిరితిత్తుల్లో. దాన్ని పట్టుకోవాలంటే కళ్ళె అక్కణ్ణుంచే రావాలి.

"ముందు నోరు పుక్కిలించండి. ఇప్పుడు గాలి పీల్చండి. ఇంకా, బొడ్డుదాకా పీల్చండి బాబాయ్, మొహమాటం దేనికి, గాలి ఊరికే వస్తోంది. ఆపండి. వదలండి. మళ్ళీ. మూడోసారి పీల్చాక లోపల్నుంచి, ఇదిగో ఇలా!"

అని తనే దగ్గి చూపిస్తుంది. ఆ దెబ్బకి ట్యాంకు మీది పావురాలన్నీ లేచిపోతాయి. దగ్గేవాళ్ళు నవ్వుతారు, నవ్వితే ఇంకాస్త దగ్గొస్తుంది, ఆమెకి కావలసిందీ అదే. గాలి తన వీపు మీదుగా రోగి వైపు వీచేలా చూసుకుని నిలబడటం మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోదు.

ఈ ఆస్పత్రికి ఆమె ముచ్చటపడి రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం పెద్దాస్పత్రిలో పనిచేస్తూ, హెడ్ నర్సు ఒక ముసలావిడని కసిరితే ఊరుకోలేక నాలుగు మాటలు అంటించింది. "ఆర్నెల్లు ఛాతీ వార్డులో ఉండిరా, పొగరు దిగుతుంది" అని పంపించారు. ఆర్నెల్లయ్యేసరికి ఒక బట్టలు ఉతికే ఆవిడ గుమ్మంలో నిలబడి, "వెళ్ళొస్తానమ్మా, నా మాత్రలు అయిపోయాయి" అంది. మన నర్సుకి ఆ మనిషెవరో తెలియలేదు. వచ్చిన రోజున ముప్ఫై నాలుగు కిలోలు, గోడ పట్టుకుని నడిచింది. ఇప్పుడు బుగ్గలొచ్చాయి, జాకెట్టు చేతులు బిగుతయ్యాయి, మెట్లు దిగుతూ కిందనున్న మొగుణ్ణి కేకేసి తిట్టింది కూడా. ఇంత చక్కగా నయమయ్యే జబ్బు ఉండగా ఇంకో వార్డుకి పోవడమెందుకని ఆమె అక్కడే ఉండిపోయింది. పొగరు సంగతి ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఆమెకి చెవి మీద గర్వం ఎక్కువ. వసారాలో ఎవరో దగ్గితే గదిలో కూర్చునే చెప్పేస్తుంది, ఇది ఉబ్బసం, ఇది జలుబు, ఇది నాది అని. నాది అంటే క్షయ అని అర్థం. ఆమె భర్త బళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, నెమ్మదస్తుడు. ఆయన భార్యతో సినిమాకి వెళ్ళడం మానేశాడు. ఒకసారి సరిగ్గా హీరో ప్రాణం పోయే సీనులో ఆవిడ వెనక వరసకి తిరిగి, "బాబూ, ఎన్ని వారాల నుంచి ఉంది ఆ దగ్గు?" అని అడిగింది. ఆ బాబు రెండో రోజునే ఆస్పత్రికి వచ్చాడు, జబ్బు ఉన్నమాట నిజం, నయమైన మాటా నిజం. కానీ మాస్టారికి ఆ హీరో బతికాడో పోయాడో ఇప్పటికీ తెలియదు.

అంతటి చెవికి కూడా ఒకాయన పువ్వు పెట్టాడు. ఆ కథే ఇది.

రెండు వీధుల అవతల ఒక సెలూన్ ఉంది. దాన్ని నడిపేవాడు ఆ ఇంటి అల్లుడు. ఇల్లు మామగారిది, ముందు గదిలో సెలూన్, వెనక గదుల్లో కాపురం. అందుకని వీధి వీధంతా అతన్ని అల్లుడనే పిలుస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు లోకం మీది కోపమంతా అతనికి చెప్పుకుంటారు, అతను "ఊఁ" అంటూ కత్తెర ఆడిస్తుంటాడు. అలాంటివాడికి దగ్గు పట్టుకుంది, చిక్కిపోయాడు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. పరీక్ష చేస్తే క్షయ. అప్పటికి భార్యకి ఎనిమిదో నెల.

మందు మొదలుపెట్టిన వారంలోనే టీచరమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. ఒకరికి వస్తే ఇంట్లో అందర్నీ చూడటం పద్ధతి. ఇంట్లో ఉన్నది కూతురు, తండ్రి, అంతే. కూతురికి ఏమీ లేదు. తండ్రి నలభై ఏళ్ళు లారీ నడిపి దిగినవాడు, ఆ మీసం చూస్తే మనిషి ఇంకా స్టీరింగు వెనకే కూర్చున్నట్టు ఉంటుంది.

"బాబాయిగారూ, మీకు దగ్గేమైనా ఉందా?"

"నాకా? దగ్గుకే నేనంటే భయం" అన్నాడు ఆయన. బుగ్గలో ఏదో బిళ్ళ పెట్టుకుని చప్పరిస్తున్నాడు. "ఇంటికి జబ్బు మోసుకొచ్చింది అదిగో, ఆ మహానుభావుడు. ఆయన్ని చూసుకోండి."

అల్లుడు తలవంచుకున్నాడు. ఆమె ఇరవై నిమిషాలు కూర్చుంది, ముసలాయన ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆమె కాగితం మీద 'దగ్గు లేదు' అని రాసుకుంది. ఒకసారి ఎక్స్‌రే తీయించుకోమంది, రేపొస్తానన్నాడు. ఆ రేపు రాలేదు. ఆమె కూడా వెంటపడలేదు. తన చెవి విన్నదే వేదమనుకుంది, అక్కడే పప్పులో కాలేసింది.

అల్లుడు సెలూన్ మూసి, ఆ ముందు గదిలోనే పడుకునేవాడు. మాత్రలు ఒక్కరోజు కూడా తప్పలేదు. వారం వారం ఖాళీ అట్టలు తెచ్చి ఆమె బల్లమీద పెట్టేవాడు. పాప పుట్టింది. డాక్టరు జాగ్రత్త మనిషి, పసిపిల్ల కాబట్టి ఇంకా కొన్నాళ్ళు దూరంగానే ఉండమన్నాడు. భార్య పాపని ఎత్తుకుని లోపలి గుమ్మంలో నిలబడితే, ఇతను సెలూన్ అద్దాల్లో చూసుకునేవాడు. ఎదురూ వెనకా అద్దాలు కదా, ఒక పాప పదిమంది పాపలై కనిపించేది. పదిమందిలో ఒక్కరిని కూడా ఎత్తుకోవడానికి లేదు.

"సిస్టర్, ఎప్పుడు ఎత్తుకోవచ్చు?" అని వారం వారం అదే ప్రశ్న. ఆ రెండు నెలల్లో అతను నోరు తెరిచి అడిగిన ప్రశ్న అదొక్కటే.

"రెండు నెలలకి మళ్ళీ కళ్ళె పరీక్ష చేస్తాం. పురుగులు లేవని వచ్చిందంటే ఆ క్షణమే ఎత్తుకో. ఏడిస్తే కూడా దించకు."

ఈలోపు మనవరాలిని మోసేది తాతగారే. పొద్దస్తమానం గుండెల మీద వేసుకుని, నోటితో లారీ హారన్ కొడుతూ ఇల్లంతా తిప్పేవాడు.

రెండు నెలలూ నిండాయి. అల్లుడు డబ్బా తెచ్చాడు. టీచరమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇది ఉమ్మి అల్లుడుగారూ. రేపు మళ్ళీ తీసుకురా."

మర్నాడూ అదే. నీళ్ళలా ఉంది. "ఇలా అయితే నేను ల్యాబుకి పంపను. లోపల్నుంచి దగ్గాలి. పాపని ఎత్తుకోవాలని ఉందా లేదా నీకు?" అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

మూడో రోజు డబ్బా తెచ్చాడు. చిక్కగా, పచ్చగా, అంగుళం మందాన ఉంది. ఆమె మురిసిపోయింది. క్లాసులో నిలబడ్డ ఎనిమిదిమందికీ మూత తీయకుండా డబ్బా ఎత్తి చూపించింది. "చూశారా, కళ్ళె అంటే ఇదీ! ఇతన్ని చూసి నేర్చుకోండి." అల్లుడు చెవుల దాకా ఎర్రబడి గోడవైపు చూశాడు. అంత సిగ్గరి మరి, అనుకుంది ఆమె.

మర్నాడు ఫలితం కోసం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, పిల్లకి గుచ్చుకోకుండా కాబోలు. వసారాలో బల్ల మీద కూర్చున్నాడు.

లోపల మైక్రోస్కోపు ముందు ఉండే ల్యాబాయన ఎక్కువ మాట్లాడడు. ఆమెని పిలిచి, స్టూలు జరిపి, "మీరే చూడండి" అన్నాడు. నీలం రంగు మీద సన్నటి ఎర్రటి పుల్లలు. ఒకటీ రెండూ కాదు. అన్నీ క్షయ పురుగులే.

రెండు నెలలు మందు మింగాక కూడా పురుగులు ఉన్నాయంటే రెండే కారణాలు. మందు పనిచెయ్యని మొండి పురుగైనా అయ్యుండాలి, ఇతను మాత్రలు మింగకుండా పారేస్తూనైనా ఉండాలి. మొదటిదైతే ఇంకా చాలా నెలలు పెద్ద మందు వాడాలి, పాప నడిచే రోజుకి కూడా తండ్రి దగ్గరికి వస్తాడో రాడో తెలియదు. ల్యాబాయన మిగిలిన కళ్ళెని మెషీన్‌లో పెట్టాడు. మందుకి లొంగే పురుగో కాదో అది రెండు గంటల్లో చెబుతుంది.

ఆ రెండు గంటలూ ఆమె వసారాలోకి వెళ్ళకుండా తప్పించుకు తిరిగింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? చివరికి ఒక ఖాళీ సీసా ఇచ్చి, మూత్రం పట్టుకురమ్మంది. ఈ మాత్రలు మింగినవాళ్ళ మూత్రం ఎర్రగా వస్తుంది, దాంట్లో దొంగాట సాగదు. అతను తెచ్చిన సీసా చూస్తే నారింజ రసం. అంటే మింగుతున్నాడు.

మెషీన్ చెప్పింది, మందుకి లొంగే పురుగేనని.

"మందు పనిచేసే పురుగు, మందు మింగే మనిషి. మరి ఇదెలా వచ్చిందండీ?" అని ఆమె తల పట్టుకుంది.

"నాకూ తెలీదు" అన్నాడు ల్యాబాయన, చేతులు కడుక్కుంటూ. "ఆ సిగరెట్లు మాత్రం మానమనండి. కళ్ళె నిండా నల్ల నలుసులే."

"అతను సిగరెట్లు తాగడే!"

ల్యాబాయన చేతుల మీద నీళ్ళు అలాగే కారుతున్నాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆమె వసారాలోకి వచ్చింది. "అల్లుడుగారూ, నిన్నటి డబ్బాలో పురుగులు ఉన్నాయి" అంది.

అతను ఏడవలేదు, ఎందుకని అడగలేదు. "పాప!" అని ఒక్క కేక పెట్టి, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

ఆమె కూడా పరుగెత్తింది. యాభై ఆరేళ్ళ వయసులో, తెల్లకోటులో, రెండు వీధులు. దారిలో కూరలావిడ "ఏమైంది టీచరమ్మా?" అంటే చెయ్యి ఊపింది తప్ప మాట రాలేదు. సెలూన్ గుమ్మం చేరేసరికి లోపల్నుంచి అరుపు వినిపించింది. ఆ ఇంట్లో అంత గట్టిగా అరవగలిగినవాడు మామగారొక్కడే అని వీధంతా అనుకునేది. అరుస్తున్నది అల్లుడు.

"దించండి మామయ్యా! పాపని దించండి! అవతల పెట్టండి ముందు!"

పాపని ఎత్తుకుని నడింట్లో ముసలాయన కొయ్యబారిపోయి ఉన్నాడు. అల్లుడు లోపలి గుమ్మం పట్టుకుని అరుస్తున్నాడు, గుమ్మం మాత్రం దాటలేదు. రెండు నెలలు అలవాటైన హద్దు కదా, అంత కంగారులో కూడా కాలు పడలేదు. కూతురు పరుగున వచ్చి పాపని అందుకుంది.

"ఆ డబ్బా ఎవరిది?" అని ఆమె రొప్పుతూ అడిగింది.

"మామయ్యది" అన్నాడు అల్లుడు. "నాకు దగ్గే రావట్లేదు సిస్టర్. ఎంత పీల్చినా, ఎంత దగ్గినా ఉమ్మే వచ్చింది. మీరేమో పంపనన్నారు. నాకు తగ్గిపోయిందని నాకు తెలుసు, ఏదో లెక్కకి ఒక డబ్బా కావాలి కదా అనుకున్నా. మామయ్య పొద్దున్నే పెరట్లో బోలెడు దగ్గుతారు, అది సిగరెట్ల దగ్గేనని అందరం అనుకున్నాం. అడిగితే ఇచ్చారు."

"అడిగాడు, ఇచ్చా" అన్నాడు ముసలాయన. "అల్లుడు నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కాదంటానా?"

అంటూనే ఆయనకి దగ్గు వచ్చింది. బుగ్గలో బిళ్ళ లేదు ఆ పూట. టీచరమ్మ రెండో దగ్గు దాకా ఆగాల్సిన పనే లేకపోయింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయిగారూ?"

"లారీ దిగినప్పటి నుంచి. మూడేళ్ళు."

"మరి ఆ రోజు నేను వస్తే?"

"మీరు దగ్గు వింటే పట్టేస్తారని వీధిలో చెప్పారు. బిళ్ళ పెట్టుకుని బిగబట్టుకు కూర్చున్నా. మీరు వెళ్ళాక అరగంట దగ్గా."

ఆమె అందర్నీ తిట్టింది. ముసలాయన్ని తిట్టింది, అల్లుణ్ణి తిట్టింది, బిళ్ళలమ్మే కొట్టువాణ్ణి కూడా ఒక మాట అంది. తర్వాత కుర్చీ లాక్కుని, సెలూన్ కుర్చీయే అది, దాంట్లో కూలబడి, "అందరికన్నా ముందు నన్ను తిట్టాలి" అంది. దగ్గు తగ్గినవాడికి కళ్ళె రాదు. అది మంచి వార్త. ఆ మంచి వార్త డబ్బాలో పెట్టి రెండుసార్లు తెచ్చి చేతికిస్తే, తను రెండుసార్లు వెనక్కి పంపింది. ముసలాయన ఎక్స్‌రే సంగతి పట్టించుకోలేదు. ఇరవై రోజులు పసిపిల్ల ఆ గుండెల మీద ఉంది.

ఆ మధ్యాహ్నమే అందర్నీ ఆస్పత్రిలో నిలబెట్టింది. పాపని పిల్లల డాక్టరు తలనుంచి పాదాల దాకా చూశాడు, ఎక్స్‌రే తీశాడు, బరువు తూచాడు. పాప ఆయన చొక్కా తడిపింది. ఏ జబ్బూ లేదు, బరువు పెరుగుతోంది, ముందు జాగ్రత్తగా ఆర్నెల్లు మందు వెయ్యాలన్నాడు. ఆ మాట విని ల్యాబాయన, ఏనాడూ గది దాటి రాని మనిషి, వసారాలోకి వచ్చి పాప బుగ్గ చూసి వెళ్ళాడు. తల్లికి కూడా ఏమీ లేదు, ముందు జాగ్రత్త మందు మాత్రం రాశారు. తాతగారి డబ్బా తాతగారి పేరుతోనే ల్యాబుకి వెళ్ళింది, పురుగులు ఉన్నాయి, మందుకి లొంగేవే. అదే రోజు మాత్రలు మొదలయ్యాయి.

ఇక అల్లుడు. ఉప్పునీటి ఆవిరి పట్టించి, వీపు తట్టి, పావుగంట తంటాలు పడితే చెంచాడు వచ్చింది. ఆమె కళ్ళెదుట, ఆమె చేతిలోని డబ్బాలోకి. "రాకపోతే రాలేదని చెప్పు నాయనా, నేను చంపను" అని ఆ పావుగంటలో పదిసార్లు అంది. ఆ రోజు నుంచి క్లాసులో కూడా మొదటి పాఠం అదే. ఈ కథంతా తన మీద తనే వేళాకోళం చేసుకుంటూ చెబుతుంది, డబ్బా ఎత్తి చూపించిన ముక్క దగ్గర అందరికన్నా ఎక్కువ తనే నవ్వుతుంది.

మర్నాడు ల్యాబాయన ఆ కళ్ళెని స్లైడు మీద అరగంట వెతికాడు, తలెత్తి ఆమె వైపు చూశాడు. "ఒక్కటీ లేదు" అన్నాడు. రెండు మాటలు. ఆమె ఆ రెండు మాటలూ మోసుకుని మళ్ళీ రెండు వీధులూ పరుగెత్తింది, ఈసారి కూరలావిడకి జవాబు చెప్పే ఓపిక కూడా ఉంది.

ముసలాయన మకాం ఇప్పుడు పెరటి వసారాలోకి మారింది. మూడు వైపులా గాలి. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక సంగతి చెప్పు. నా నుంచే కదా వాడికి వచ్చింది?"

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పురుగు రశీదు ఇవ్వదు బాబాయిగారూ."

"రశీదు అక్కర్లేదు. నాకు తెలుసు" అన్నాడాయన. "రెండు నెలలు వాణ్ణి నానా మాటలూ అన్నా. వాడు పల్లెత్తు మాట అనలేదు." కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడి మీసం దువ్వుకున్నాడు.

అల్లుడు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చాడు. లోపలి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. టీచరమ్మ వెనకనుంచి నెట్టింది. ఎందరి గొంతుల మీదో కత్తి పెట్టి వణకని చేతులు, మూడు కిలోల పిల్లని అందుకోవడానికి గజగజలాడాయి. భార్య తల కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించింది. పాప మూతి తిప్పింది, ఆవులించింది, తండ్రి చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయింది. అతను ఊపిరి కూడా తీసుకోవట్లేదేమో అనిపించింది. టీచరమ్మకి ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది, ఎవరు చూస్తే ఏం.

కాసేపటికి అతను తలెత్తాడు. ఏదో అడగబోతున్నాడని ఆమెకి అర్థమైంది. ముద్దు పెట్టుకోవచ్చా అని అడుగుతాడనుకుంది, బయట తిప్పొచ్చా అని అడుగుతాడనుకుంది, జవాబులు కూడా సిద్ధం చేసుకుంది.

"సిస్టర్, మామయ్య ఎప్పుడు ఎత్తుకోవచ్చు?"

ఆ జవాబులేవీ పనికి రాలేదు. "రెండు నెలలు" అంది. "ఒక్క మాత్ర తప్పకుండా మింగి, పరీక్షలో పురుగులు లేవని వస్తే."

అల్లుడు పాపతో సహా పెరటి గుమ్మం వైపు నడిచాడు, వసారాకి చాలా ఇవతలే ఆగాడు. అరిచి అలవాటు లేని గొంతు, పిల్ల లేవకుండా ఎంత పెంచాలో అంతే పెంచి అన్నాడు:

"విన్నారా మామయ్యా, రెండు నెలలే. రోజూ పొద్దున్నే నేనే వచ్చి మింగిస్తాను."